పాకమూ, గాజు గొట్టమూ

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. పదవ తరగతితో చదువుకు స్వస్తి చెప్పి, బెంగుళూరులో ఒక చిన్న వ్యాపార సంస్థలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. కాగితపు పెట్టెలు అతికించే జిగురుకు పనికివచ్చే పాలీవినైల్ ఆల్కహాలు అనే తెల్లని పొడి మా సరుకు. బస్తాల వెంట పంపే పరీక్షాపత్రం తయారుచేయడం నా వంతు. అందులో ముఖ్యమైన అంకె స్నిగ్ధత. ఇంట్లో మనం జిగట అనీ, చిక్కదనం అనీ అనేది అదే. కన్నడంలోనూ స్నిగ్ధతె అనే అంటారు గనుక నాకు రెండు భాషలకూ ఒకటే పాఠం.

నా గది ప్రక్కనే ప్రయోగశాల. అక్కడి కుర్రవాని పనిని తీరికవేళ చూస్తుంటాను. ఇంగ్లీషు ‘యు’ అక్షరం వంటి గాజు గొట్టం. ఆస్ట్‌వాల్డు విస్కామీటరు అంటారు. ఒక కాలిలో బహు సన్నని దారి, దానిపైన చిన్న బుడ్డి, బుడ్డికి పైన ఒక గీత, క్రింద ఒక గీత. ద్రవాన్ని పై గీత దాటేవరకు పీల్చి వదలుతాడు. క్రింది గీతకు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచీలో చూస్తాడు. అదే గొట్టంలో నీటికి పట్టిన కాలంతో పోల్చి, రెంటి సాంద్రతలూ లెక్కలో వేస్తే స్నిగ్ధత తేలుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. పాకం చిక్కబడాలంటే చక్కెర దండిగా పోయాలి. గంజికి మాత్రం పిడికెడు పిండి చాలు. పిండిలో ఉన్నవీ గ్లూకోజు అనే ఒక చక్కెర అణువులే. కాని అవి వందలు, వేలుగా గొలుసుకట్టి ఉంటాయి. గొలుసు ఎంత పొడుగైతే ద్రావణం అంత చిక్కన. పలుచని ద్రావణాల స్నిగ్ధతను కొలిచి గొలుసు పొడవు అంచనా కట్టవచ్చునని చూపిన జర్మన్ పండితుడు స్టాడింగరుకు 1953లో నోబెల్ బహుమానం వచ్చింది. మా తెల్లపొడి కూడా ఆ గొలుసుల జాతిదే.

ఇక నా సంగతి. ఒక వేసవిలో నీటితొట్టిని చల్లబరిచే యంత్రం చెడిపోయినది. కుర్రవాడు ఎప్పటివలె 20 డిగ్రీల వద్ద గాక, 30 డిగ్రీల వద్ద కొలిచి, ఆ మాట చీటీలో స్పష్టంగా వ్రాశాడు. నేను కంప్యూటరులో పాత పత్రాన్నే తెరచి, అంకె మార్చి, 20 డిగ్రీలను అట్లాగే వదిలేశాను. సరుకు కొన్నవారు 20 వద్ద కొలుచుకున్నారు. ‘పత్రంలో ఉన్నదానికన్నా చిక్కగా ఉన్నది’ అని బస్తాలు తిప్పిపంపారు. నేరమంతా కుర్రవాని మీద పడింది. వాడిది ఇంకా ఖాయంగాని ఉద్యోగం.

సాయంకాలం చీటీ తీసి చూస్తే తప్పు నాది. చీటీని మడిచి జేబులో పెట్టుకుని ఇల్లు చేరాను. నాకూ పిల్లల ఫీజులున్నవి గదా!

ఇంట్లో మా ఆవిడ అరిసెలకు పాకం పడుతున్నది. గరిటె ఎత్తి చూచి, ‘ఇంకా పలుచగానే ఉన్నదే’ అన్నాను. ఆమె నవ్వి, ఒక చుక్క చల్లని నీళ్ళలో వేసి, వ్రేళ్ళతో మెత్తని ఉండ చేసి చూపింది. ‘పొయ్యిమీది పాకం వేరు, ఆరిన పాకం వేరు. వేడి సంగతి చెప్పకుండా పాకం సంగతి చెపితే ఎట్లా అండీ?’ అన్నది.

నేను బదులు చెప్పలేదు. ఆముదం 20 డిగ్రీల వద్ద ఉన్న స్నిగ్ధతలో 30 వద్ద సగం కూడా ఉండదని ఆ కుర్రవాడే నాకు ఎప్పుడో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు చీటీని మేనేజరుగారి బల్లమీద పెట్టి, తప్పు నాదని ఒప్పుకున్నాను. చీవాట్లు తిన్నాను. బస్తాల రానుపోను బాడుగ నా జీతంలో మూడు నెలలు కోశారు. కుర్రవాని ఉద్యోగం నిలిచింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బరువైనది.

ఇప్పుడు ప్రతి పత్రంలోనూ ముందు వేడి ఎంతో వ్రాసి, తరువాతనే స్నిగ్ధత వ్రాస్తాను. ఏ స్థితిలో కొలిచామో చెప్పని అంకెను నమ్మి ఒకరి అన్నం తీయరాదని నేను నేర్చుకున్న పాఠం.