దిద్దువాని నాలుక



మా సంఘములోని యౌవనస్థుడొకడు ఒక సాయంకాలము చిన్నబోయిన ముఖముతో నా యొద్దకు వచ్చెను. అతడు పగలు ఉద్యోగము చేసి, రాత్రులు జీతము లేకుండ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకై పాటుపడువాడు. ఆ పనిలో ప్రోగ్రాము మూలమును అందరి యెదుట తెరచియుంచుదురు. లోపము కనుగొనినవాడు ఏ దేశస్థుడైనను సవరణ వ్రాసి పంపవచ్చును. ప్రోగ్రామును కాపాడు పెద్దలు దానిని పరీక్షించి చేర్చుకొందురు, లేదా త్రోసివేయుదురు. ఇతడు మూడు వారములు శ్రమించి పంపిన సవరణకు, అందరును చదువునట్లు, "ఇది పనికిరాదు" అని మాత్రమే జవాబు వచ్చెను.

"ఇక వారికొక్క అక్షరమైనను వ్రాయను, అయ్యగారూ" అనెను.

"సవరణలో తప్పు కలదా?" అని అడిగితిని. "కలదు" అని మెల్లగా ఒప్పుకొనెను.

తీర్పు న్యాయమే, గాయమును నిజమే. ఎదుటనుండి పలుకు మాటకు చిరునవ్వు తోడగును. ముఖమెరుగని వానికి వ్రాసిన మాటకు ఆ తోడు లేదు. అలసినవాడు క్లుప్తముగా వ్రాసినది చదువువానికి అవమానముగా తోచును.

1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ నేడు ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైయున్నది. ఆయన పొరపాటు చేసినవారిని ఏండ్ల తరబడి బహిరంగముగా, అతి కఠినముగా గద్దించెను. 2018 సెప్టెంబరులో తన ప్రవర్తన కొందరిని నొప్పించెననియు, బహుశః పనికే దూరము చేసెననియు ఒప్పుకొని, అందరి యెదుట క్షమాపణ వేడెను. ఇతరుల మనస్సు గ్రహించుటకు సహాయము పొందుదునని కొంతకాలము పని నుండి తొలగి, మరుసటి నెలలో తిరిగి వచ్చెను. ఆయన మాట నేటికిని అప్పుడప్పుడు కఠినమగుట కలదు. పాత స్వభావము ఒక్క దినమున చచ్చునది కాదు గదా! అయినను తగ్గించుకొనుట ఆయనకు చిన్న పని కాదు.

ఇది అతనికి చెప్పుచుండగా నా మనస్సాక్షియే నన్ను పొడిచెను. పదునాలుగేండ్ల క్రితము ఒక సహోదరుని మొదటి ప్రసంగములోని తప్పులను సంఘపెద్దల యెదుట ఎంచి చూపితిని. ఆయన మరల ప్రసంగవేదిక ఎక్కలేదు. నేను చెప్పినది సత్యమే గనుక నాలో దోషము లేదనుకొంటిని.

సహోదరుడు తప్పు చేసినయెడల ఒంటరిగా అతని యొద్దకు పోవలెనని ప్రభువు నేర్పెను గదా. నేనాయనను ఒంటరిగా కలిసికొనలేదు. మరునాడు బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లితిని. క్షమించుమని అడుగగా, ఆనాటి నా మాటలను ఆయన ఒక్కటియు తప్పక తిరిగి చెప్పి, కన్నీరు తుడుచుకొని, నా చేయి పట్టుకొనెను.

మా యౌవనస్థుడును ఆ పెద్దకు ఏకాంతముగా, "లోపమెక్కడ నున్నదో దయచేసి చూపుడి" అని వ్రాసెను. రెండు దినములలో వివరమైన జవాబు వచ్చెను. క్షమాపణ అందులో మొదటి పంక్తి.

పౌలు మార్కును ఒకప్పుడు ప్రయాణమునకు వద్దనెను. కడపట అతనినే రమ్మని కోరెను. చదువరీ, నీవు త్రోసివేసిన పని వెనుక ఒక మార్కు నిలిచియుండెనేమో! నేడే అతని యొద్దకు వెళ్లుము. ప్రభువు నీకు కృప చూపును గాక.