నాడి చూడకుండా మందు వ్రాయవచ్చునా?

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం మన్యంలోని ప్రభుత్వ ఆసుపత్రులలో గడచింది. పదవీ విరమణ తరువాత అరకులోయలోనే స్థిరపడ్డాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్ళు. చికిత్స చేయడం మానుకొన్నా, చుట్టుపక్కల పనిచేసే యువ వైద్యులు సందేహం కలిగినపుడు ఈసీజీ చిత్రాలు, ఎక్స్‌రే చిత్రాలు నాకు పంపిస్తుంటారు.

నిరుటి వర్షాకాలంలో ఒక సాయంత్రం ఛాతీనొప్పితో వచ్చిన రోగి ఈసీజీని ఒక యువ వైద్యురాలు పంపింది. ఫోనులో చూస్తే గీతలు స్పష్టంగా లేవు. ల్యాప్‌టాప్ తెరిచాను. అది మేలుకొని ఆ చిత్రాన్ని చూపేసరికి పావుగంట గడచింది. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంది. అది గుండెపోటు. అదృష్టవశాత్తు ఆమె నా మాట కోసం వేచి ఉండలేదు. ఆస్పిరిన్ ఇచ్చి, 108 వాహనంలో విశాఖపట్నానికి పంపివేసింది. వేచి ఉండి ఉంటే ఆ పావుగంటకు బాధ్యుడిని నేనే. ఘాట్ రోడ్డు మీద వందకు పైగా కిలోమీటర్ల ప్రయాణం ఆపైన ఉండనే ఉంది.

దీపావళికి వచ్చిన మా అబ్బాయి ఈ సంగతి విని, "నాన్నగారూ, కోర్ ఐ7 ల్యాప్‌టాప్ తెప్పిస్తాను. ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు. ఖరీదు విని ఉలిక్కిపడ్డాను. "బాబూ, నాడి చూడకుండానే మందు వ్రాస్తున్నావు. నేను రోజూ ఏం చేస్తానో అడిగావా?" అన్నాను.

ఇద్దరమూ కూర్చొని వ్రాసుకొన్నాం. వార్తాపత్రికలు చదవడం, తెలుగులో వ్యాసాలు వ్రాయడం, మనవలతో వీడియోలో మాట్లాడడం, బ్యాంకు, పింఛను పనులు, ఈ వైద్య చిత్రాలు. ఇంతే. ఐ7 శక్తి అవసరమయ్యే వీడియో కూర్పు గానీ, భారీ ఆటలు గానీ ఇందులో లేవు.

తరువాత పాత యంత్రాన్ని పరీక్షించాం. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది. హార్డ్‌డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం శ్రమపడుతున్నది. ర్యామ్ 4 జీబీయే. అంటే జబ్బు మెదడులో లేదు, డిస్కులోనూ ర్యామ్‌లోనూ ఉంది. ఎస్‌ఎస్‌డీ అమర్చి, ర్యామ్ పెంచితే అది కోలుకొనేదే. అయితే దాని ప్రాసెసర్ ఇంటెల్ ఆరవ తరానిది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అంగీకరించే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదవ తరం నుండి మొదలవుతాయి. భద్రతా సవరణలు అందని యంత్రంతో బ్యాంకు పనులు చేయడం టీకా లేకుండా అంటువ్యాధి వార్డులో తిరగడం వంటిది. అందుచేత కొత్తది కొనడమే సబబని ఇద్దరమూ అంగీకరించాం.

ఏ మోతాదు? మలేరియాలో మోతాదు తగ్గితే జ్వరం తిరగబెడుతుంది, మితిమీరితే మందే హాని చేస్తుంది. రెండే కోర్లు గల సెలెరాన్ ఎన్4020 వంటివి చవక, కానీ తక్కువ మోతాదు. పేరు చివర హెచ్ అక్షరం గల ప్రాసెసర్లు సాధారణంగా 45 వాట్ల తరగతివి. వేడి, ఫ్యాను రొద ఎక్కువ, బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. వానలలో కరెంటు పోయే మా ఊరికి యు అక్షరం గల 15 వాట్ల తరగతి మేలు.

ఐ3, ఐ5, ఐ7 అన్న అంకెలను మాత్రమే చూసి మోసపోరాదు, తరాన్ని కూడా చూడాలి. కోర్ ఐ3-1215యు పేరులో 12 అంటే పన్నెండవ తరం. దానికి ఆరు కోర్లున్నాయి. ఏఎమ్‌డీ రైజెన్ 5 7520యు పేరు కొత్తగా కనిపించినా, మూడవ అంకె 2 దాని లోపలి నిర్మాణం 2019 నాటి జెన్ 2 అని తెలుపుతుంది. 7530యు లోనిది దాని తరువాతి జెన్ 3.

చివరకు ఐ3-1215యు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎంచుకొన్నాం. మిగిలిన సొమ్ముతో శుక్లాలు తీయించుకొన్న నా కళ్ళకు అనువైన పెద్ద తెరను, కరెంటు పోయినా వైఫై ఆగకుండా రౌటరుకు ఒక చిన్న యూపీఎస్‌ను కొన్నాం. ఐ7 కొని ఉంటే ఈ రెండూ వచ్చేవి కావు. నాకు నిజంగా కావలసినవి ఇవే.

తల్లిదండ్రులకు ల్యాప్‌టాప్ కొనదలచిన పిల్లలు ముందుగా వారి ప్రక్కన కూర్చోవాలి. వారు చేసే పనులేమిటో, కళ్ళు ఎలా ఉన్నాయో, కరెంటు, నెట్ ఎంతసేపు ఉంటాయో అడగాలి. ఖరీదైనది కొనడంలో ప్రేమ ఉంది, కాదనను. అడిగి తెలుసుకోవడంలో ప్రేమతో పాటు గౌరవం కూడా ఉంది.

ఇప్పుడు ఈసీజీ క్షణాలలో తెరుచుకొంటున్నది. అయినా ఆ యువ వైద్యురాలికి ఒక మాట చెప్పి ఉంచాను: "అమ్మా, గుండెనొప్పి రోగి విషయంలో నా జవాబు కోసం ఎన్నడూ ఆగవద్దు."