ఉద్దానంలో ఊపిరితిత్తుల క్యాన్సర్: మందుకు ముందు కిడ్నీ పరీక్ష

ఊపిరితిత్తుల క్యాన్సర్ శస్త్రచికిత్సకు వీల్లేని దశకు చేరినా, ఛాతీ దాటి పాకకపోతే రేడియేషన్, కీమోథెరపీ కలిపి ఇస్తారు. కిరణాలు గడ్డను ఉన్నచోటే దెబ్బతీస్తాయి. కీమో మందు రక్తంతో పాటు తిరిగి, కంటికి కనబడకుండా చెదిరిన కణాలను చంపుతుంది. గడ్డను కిరణాలకు త్వరగా లొంగదీస్తుంది కూడా. ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వడం కంటే రెండూ ఒకేసారి ఇస్తే అయిదేళ్లు బతికేవారు నూటికి సుమారు నలుగురైదుగురు పెరుగుతారని 2010లో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

పలాసలో ఈ వైద్యం గురించి ఆలోచించేవారికి ముందు ఎదురయ్యేది కిడ్నీ ఆసుపత్రి. 200 పడకల ఈ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో, అంటే ఉద్దానంలో, షుగరు, బీపీ లేనివారి కిడ్నీలు కూడా పాడవుతున్నాయి. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. తొలి దశలో రోగికి ఏ బాధా తెలియదు.

క్యాన్సర్ వైద్యానికి ఇదే చిక్కు. రేడియేషన్‌తో పాటు ఎక్కువగా వాడే సిస్‌ప్లాటిన్ కిడ్నీలకు హాని చేస్తుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే దాని బదులు కార్బోప్లాటిన్‌ను పాక్లిటాక్సెల్‌తో కలిపి వారానికోసారి ఇస్తారు. కార్బోప్లాటిన్ మోతాదును కిడ్నీ వడపోసే శక్తిని బట్టి లెక్కకడతారు. ఒంట్లో శక్తి లేనివారికి రెండు చికిత్సలూ వేర్వేరుగా, లేదా రేడియేషన్ ఒక్కటే ఇస్తారు.

టెక్కలి జిల్లా ఆసుపత్రి లాంటి చోట్ల రోగ నిర్ధారణకు మొదటి అడుగు పడాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, ఎక్స్‌రే అవసరం. క్షయ కాదని తేలినా దగ్గు తగ్గకపోతే సీటీ స్కాన్, బయాప్సీ ఆలస్యం కాకూడదు.

పూర్తి క్యాన్సర్ వైద్యానికి విశాఖ వెళ్లవచ్చు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రేడియేషన్ మామూలు మోతాదు 60 గ్రే (కిరణాల కొలత): వారానికి 5 రోజుల చొప్పున 6 వారాల్లో 30 సార్లు. 74 గ్రేకు పెంచినా మేలు జరగలేదని 2015లో తేలింది. ఈ చికిత్సలో అన్నవాహిక పుండై మింగడం కష్టమవుతుంది, తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, కొన్ని వారాల తర్వాత ఊపిరితిత్తి వాచవచ్చు. అయినా మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. కూలి మీద బతికే కుటుంబం ఆ ఆరు వారాల బసకూ తిండికీ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఉద్దానం నుంచి వెళ్లే ప్రతి రోగీ కిడ్నీ పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లి, మొదటి రోజే క్యాన్సర్ డాక్టరుకు చూపించాలి.