కంఠాభరణ సంఖ్య

వికటకవి యను మాటను ఏ కొననుండి చదివినను వికటకవియే. సంఖ్యలలోను ఇట్టివి కలవు. 9వ శతాబ్దిలో, అమోఘవర్షుని పాలనమున, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున 27994681ని 441చే గుణించు లెక్క నొకదాని నిచ్చెను. లబ్ధము 12345654321; అనగా 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఇట్టి లబ్ధములను ఆయన కంఠాభరణములనెను. ఈ పేరు మాకు మిక్కిలి ప్రియము. హారమును ఎటు త్రిప్పినను పూసల వరుస యొకటియే కదా! ఈ గ్రంథమునే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సంస్కృతమున సంఖ్యను మాటలలో చెప్పునపుడు ఒకట్ల స్థానమునుండి ఎడమకు పోవుట పరిపాటి. అలవాటు లేని చదువరి సంఖ్యను తలక్రిందులుగా వ్రాసికొనుట కలదు. ఈ సంఖ్యకు మాత్రము ఆ భయము లేదు.

అరకులోయలోని మా బడికి ఒకనాడు ఒక బాలుడు మెడలో రాగిరేకుతో వచ్చెను. రేకుపై ఈ పదునొకండంకెలే చెక్కబడి యుండెను! సంతలో కొన్నారట. ఎటు చూచినను ఒకటిగానే యుండు సంఖ్య గనుక చలిజ్వరమునకు లోనికి దారి దొరకదని అమ్మినవాడు చెప్పెనట. ఆ నమ్మకముతో తండ్రి వారము దినములు ఆసుపత్రి మాట తలపెట్టలేదు. తుదకు రక్తపరీక్షలో మలేరియా యని తేలి, మందులతో పిల్లవాడు కోలుకొనెను. కొండవారి అమాయకత్వమని చదువరులు నవ్వవలదు. పట్నములలో కారు పలకపై 9999 కొరకు వేలములో లక్షలు పోయువారు చదువుకొన్నవారే.

రేకు తీసివేయుమని మేము చెప్పలేదు. పలక తెమ్మని, 111111ను దానితోనే గుణింపుమంటిమి. వరుసలు ఆరు, ఒక్కొక్కటి పై వరుసకంటె ఒక స్థానము ఎడమకు జరుగును. కుడి కొనను ఒక ఒకటి, దాని ప్రక్క నిలువున రెండు, ఆపై మూడు, ఇట్లు ఆరు వరకు పెరిగి మరల ఒకటికి దిగినవి. "కొండెక్కి దిగినట్టుంది మాస్టారూ!" అనెను వాడు. మహావీరుని లెక్కయు ఇదియే. 441 యనగా 21 వర్గము, 27994681 యనగా 5291 వర్గము. 21ని 5291చే గుణించిన 111111.

అంకెల లెక్క సరియైనచో విలోమసంఖ్య యేదైనను 11చే నిశ్శేషముగ భాగింపబడును. ప్రతి అంకెయు ఒకసారి సరిస్థానమున, ఒకసారి బేసిస్థానమున వచ్చుటయే కారణము. 123321ని 11చే భాగించిన 11211. మన సంఖ్యలో అంకెలు బేసి. అయినను 111111 వర్గమగుటచే 11చే రెండుమారులు భాగింపబడును.

తొమ్మిది ఒకట్లవరకు కొండ చెదరలేదు: 12345678987654321. పది ఒకట్లు వ్రాయుమంటిమి. శిఖరమున పది చేరినది. ఒక స్థానమున పది పట్టదు. వచ్చినది 1234567900987654321. హారము తెగెను. ఎడమ ప్రక్కనుండవలసిన ఎనిమిది యేమైనదని వాడు పలకను చాలసేపు వెదకెను. చేతిలోని ఒకటి చేరి తొమ్మిదైనదని ప్రక్క బల్లపైనున్న బాలిక చెప్పెను.