పాపసంకీర్తనం ఏ భాషలో?

తప్పు ఒప్పుకోవడం మన తండాలకు కొత్త కాదు. నాయక్, కారోబారి, పెద్దలు కూర్చుంటే తప్పు చేసినవాడు నలుగురి ముందు గోర్‌బోలిలోనే చెప్పేవాడు, దండుగ కట్టేవాడు. మరునాడు బావి దగ్గర అదే ముచ్చట! గుడిలో అట్లా కాదు. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, ప్రాణం మీదికి వచ్చినా సరే. మా దాదికి ఆ కట్టుబాటు బాగా నచ్చింది.

చిక్కంతా భాషతోనే. దేవరకొండ అంగడిలో బేరమాడేంత తెలుగు ఆమెకు వచ్చు. తోడికోడలి మీద పాతికేళ్లుగా దాచుకున్న కోపం చెప్పుకునే తెలుగు రాదు. అందుకే ఏటా తపస్సు కాలంలో "అబద్ధాలాడిన, కోపపడిన" అని రెండు ముక్కలు చెప్పి లేచి వస్తుంది. అసలుది లోపలే ఉంటుంది.

ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215లో లాతరాను మహాసభ నియమం పెట్టింది. 1983 నాటి తిరుసభ చట్టం, 990వ నిబంధనలో, దుబాసీ ద్వారా కూడా చేయవచ్చంటుంది. ఆ దుబాసీ కూడా రహస్యం కాపాడాల్సిందే. మంచి నియమమే. కానీ తండాలో దుబాసీ అంటే మనవడే కదా! మనవడి ముందు ఏ ముసలమ్మ నోరు విప్పుతుంది?

రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది. నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. తండాకు వచ్చే గురువు గోర్‌బోలి నేర్చుకోవాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. చదువుకున్న మన పిల్లలు పశ్చాత్తాప ప్రార్థనను, కోపం, ఈర్ష్య, పగ వంటి మాటలను గోర్‌బోలిలో, తెలుగు లిపిలో ఒక కాగితం మీద రాసి ఇచ్చినా చాలు. మొదలుపెట్టడానికి ఆ ఒక్క కాగితం సరిపోతుంది.