అమ్మమ్మ కడుపులో మొదలై...

ఎవరినైనా వయసెంత అని అడిగితే పుట్టినరోజు నుంచి లెక్కేసి చెబుతారు. కానీ ఆ మనిషికి మూలమైన అండం వయసు అంతకన్నా చాలా ఎక్కువ. అది తయారవడం మొదలైంది అమ్మ పెళ్లయ్యాకో, పెద్దమనిషి అయ్యాకో కాదు... అమ్మమ్మ కడుపులో అమ్మ ఇంకా పిండంగా ఉన్నప్పుడు!

అయిదో నెల వచ్చేసరికి ఆడపిండం అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల కణాలు అండాలయ్యేందుకు సిద్ధమవుతాయి. ఆ తర్వాతంతా తరుగుదలే. పాప పుట్టేనాటికి మిగిలేవి 10 నుంచి 20 లక్షలు. రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తమ్మీద పక్వమై విడుదలయ్యేవి మాత్రం 400 నుంచి 500. మిగతావన్నీ దారిలోనే కరిగిపోతాయి.

అసలు విచిత్రం ఇక్కడే ఉంది. శరీరంలోని మామూలు కణాల్లో 46 క్రోమోజోమ్‌లుంటాయి. బిడ్డకు తల్లి సగం, తండ్రి సగం ఇవ్వాలి కాబట్టి అండంలోనూ వీర్యకణంలోనూ 23 చొప్పునే ఉండాలి. అందుకోసం కణం రెండుసార్లు విభజన చెందాలి. మగవారిలో ఈ పని యుక్తవయసులో మొదలై, సుమారు రెండున్నర నెలల్లో ఏకబిగిన పూర్తవుతుంది. ఆడవారిలో అలా కాదు. పుట్టకముందే క్రోమోజోమ్‌లు జతకట్టి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుని... ఠక్కున ఆగిపోతాయి. పన్నెండేళ్లు, ఇరవయ్యేళ్లు, ఒక్కోసారి నలభై ఏళ్లు కూడా!

అన్నేళ్లు అండాన్ని ఆపేదెవరు? దాని చుట్టూ కాపలాగా ఉండే కణాలే. సన్నటి దారులగుండా 'ఇప్పుడే వద్దు' అన్న రసాయన సందేశాన్ని అవి పంపుతూ ఉంటాయి. నెలసరి మధ్యలో పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పెనలా రాగానే ఆ సందేశం ఆగుతుంది. అండం మేల్కొంటుంది. ప్రతి జతలో ఒక క్రోమోజోమ్‌ను తనదగ్గర ఉంచుకుని, రెండోదాన్ని చిన్న పొట్లంలో పెట్టి పక్కకు నెట్టేస్తుంది. రెండో విభజన మొదలుపెట్టి... మళ్లీ ఆగుతుంది. ఈసారి నిరీక్షణ ఒక్కరోజే. వీర్యకణం వచ్చి చేరితే అండంలో కాల్షియం అలలు లేచి, మిగిలిన పని పూర్తవుతుంది. రాకపోతే అంతే సంగతులు.

మేల్కొన్న అండం రెండో మజిలీకి చేరడానికి ఒక రోజుకు పైగా పడుతుందని 1965లో వెల్లడించిన శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్. ఆ బాటలోనే 1978 జులై 25న తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టింది. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. లండన్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా, హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చాక 34 నుంచి 36 గంటలు ఆగి డాక్టర్లు అండాలు తీసేది ఈ లెక్క ప్రకారమే.

అయితే ఇంత సుదీర్ఘ నిరీక్షణకు మూల్యం ఉంటుంది. క్రోమోజోమ్‌లను కలిపి ఉంచేవి కొహెసిన్ అనే ప్రొటీన్లు. అవి తల్లి పుట్టకముందు పడిన ముడులు. ఏళ్లు గడిచేకొద్దీ సడలుతాయి. అప్పుడు పంపకంలో లెక్క తప్పొచ్చు. చాలా గర్భస్రావాలకు కారణం ఇదే. 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్. పాతికేళ్ల తల్లులకు పుట్టే బిడ్డల్లో సుమారు 1250 మందిలో ఒకరికి, నలభై ఏళ్ల తల్లుల బిడ్డల్లో సుమారు వందలో ఒకరికి ఇది వస్తుంది.

ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడో, గర్భం నిలవనప్పుడో ఇంట్లో ఏమంటారు? గ్రహణం రోజు బయటికొచ్చింది, బొప్పాయి తింది, చెప్పినా వినకుండా ఉద్యోగానికెళ్లింది... ఏదో ఒక నేరం కోడలి నెత్తిన పడుతుంది. నిజానికి ఆ ముడి పడేనాటికి ఆమె ఇంకా పుట్టనే లేదు. గ్రహణాలతో దానికి సంబంధం లేదు. దాన్ని బిగించడం ఆమె చేతుల్లోనూ లేదు.

వయసు ప్రభావం తెలుసుకోవడం మంచిదే. పిల్లల విషయం ఎప్పుడు ఆలోచించాలో, ఏ పరీక్షలు చేయించుకోవాలో డాక్టర్‌ను అడిగి దంపతులిద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు. అంతేగానీ ఆ లెక్కలు ఆమెను దెప్పిపొడవడానికి కాదు. నలభయ్యో ఏట తల్లయినవారి బిడ్డల్లోనూ నూటికి 99 మందికి డౌన్ సిండ్రోమ్ ఉండదు. నాలుగు దశాబ్దాలు చీకట్లో కాచుకుని, పిలుపు రాగానే లేచి, లెక్క తప్పకుండా పని ముగించిన అండాలవి!