ఒక బండ్ల దుకాణమునకు పేరును, ముద్రయు

పాములపాడు నంద్యాల జిల్లాలో నందికొట్కూరునకును ఆత్మకూరునకును నడుమ నున్న మండల కేంద్రము. శ్రీశైలము కుడి ప్రధాన కాలువ నీరు మా మండలములోని బనకచెర్ల రెగ్యులేటరు నొద్దకు వచ్చి, అచ్చటినుండి వేర్వేరు కాలువలలోనికి చీలిపోవును. నేల నల్లరేగడి. వానకాలమున ఆ బురద మడ్గార్డునకును టైరునకును నడుమ చేరి గట్టిపడినచో, మనుష్యుని మోయవలసిన మోటారుసైకిలును మనుష్యుడే మోయవలసి వచ్చును. ఇచ్చటి బండికి పట్నపు బండికి లేని పనులు కలవు. ఉదయమున పాలక్యాన్లు, పగలు మందుకొట్టు పంపు, సాయంకాలము ఎరువుబస్తా, ఆదివారమున ఇంటిల్లిపాది. అన్నియు దానిమీదనే.

మా పాఠశాలలో చదివి వెడలిన యువకుడొకడు ఈ రహదారి ప్రక్కను రేకుల కొట్టమొకటి వేసికొని, వచ్చినవారి అవసరమును బట్టి బండ్లను సవరించి యిచ్చుచున్నాడు. పట్టణములలో దీనిని కస్టమ్ పని యందురు. ఆతని పేరు వ్రాయము. ముఖస్తుతి ఆతనికి గిట్టదు. చిత్రలేఖనము నేర్పినవారము గనుక మాయొద్దకు వచ్చి, "అయ్యా, దుకాణమునకు మంచి ఇంగ్లీషు పేరొకటి పెట్టి, బొమ్మ గీసి యిచ్చినయెడల బోర్డు వ్రాయించుకొందును" అని కోరెను.

బోర్డుకొరకు ఇంత తొందర యేల యని విచారింపగా అసలు సంగతి తెలిసినది. క్రిందటి వానకాలమున మరియొక దుకాణమువారు చేసిన కారియరు నడిరోడ్డున విరిగి, ఒక పాలవాని క్యాన్లు రెండును నేలపాలయ్యెను. కారియర్లన్నియు ఒకే నల్లరంగు, ఒకే తీరు. అది మావాని పనియే యని ఊరంతయు చెప్పుకొనిరి. కాదని చూపుటకు ఆతనియొద్ద ఏ గుర్తును లేదు. ముగ్గురు పాలవారు బయానా వెనుకకు తీసికొనిరి. వెల్డింగు యంత్రము కొనుటకై తల్లి మెడలోని గొలుసు అప్పటికే కుదువలో నుండెను. అందుచేత ఇది బొమ్మ గీసి పంపివేయు పని కాదని గ్రహించితిమి.

మొదట పెద్ద కంపెనీల పేర్లను గూర్చి ఆతనితో ముచ్చటించితిమి. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు సైకిలు కంపెనీవారు ఎన్‌ఫీల్డునందలి ప్రభుత్వ తుపాకుల కర్మాగారమునకు భాగములు చేసి యిచ్చియుండిరి. రాయల్ ఎన్‌ఫీల్డు అను పేరు అట్లు కలిగినది. తుపాకివలె చేయబడినదను నినాదమును, ఫిరంగి బొమ్మయు అచ్చటివే. వారి మొదటి మోటారుసైకిలు 1901లో వచ్చెను. బుల్లెట్టు అను పేరు 1932లో పుట్టెను. 1955లో మద్రాసు మోటార్సువారితో కూడి మనదేశమున తయారీకి పూనుకొనిరి. రెడ్డిచ్ కర్మాగారము మూతపడి అర్ధశతాబ్దము దాటినను పేరు మాత్రము చెన్నైలో బ్రతికియున్నది. ఇక జావా యనునది ఇంకను తమాషాయైన పేరు. చెక్ దేశస్థుడైన యానెచెక్ 1929లో వాండరర్ అను జర్మను కంపెనీవారి మోటారుసైకిళ్ల పనిని కొని, తన పేరులో మొదటి రెండక్షరములకు వారి పేరులో మొదటి రెండక్షరములు కలిపెను. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమువారు 1960 నుండి 1996 వరకు బండ్లు చేసిరి. జయపురములో ఎన్‌ఫీల్డు ఇంజనులతో కస్టమ్ బండ్లు కట్టు దుకాణమువారు రాజపుతానా యను తమ ప్రాంతపు పాత పేరునే పెట్టుకొనిరి. ఈ పేర్లలో ఏదియు గాలిలోనుండి ఊడిపడినది కాదు. ప్రతిదానియందును ఒక స్థలమో, మనుష్యుడో, చేసిన పనియో కలదు.

మావాడు వ్రాసికొని వచ్చిన పేర్లలో మాత్రము రాయల్, కింగ్, బుల్లెట్ అనునవే తిరిగి తిరిగి కనబడెను. పరుల ముద్రను మన బోర్డుపై నెక్కించుట చట్టవిరుద్ధమని చెప్పి వానిని కొట్టివేసితిమి. బనగానపల్లె మామిడిని చూడుమంటిమి. తోటవాని పేరెవ్వరికిని తెలియదు. ఊరిపేరు వినగానే పండు రుచి నోటికి వచ్చును. 2017లో ఆ పేరునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము ప్రకారము కేవలము ఊరిపేరే యైన ముద్రను సామాన్యముగ నమోదు చేయరు. కావున ఊరిపేరునకు ఆతని ఇంటిపేరు చేర్చితిమి. ఆతని ముఖము కొంత చిన్నబోయెను. ఇంగ్లీషు పేరులోని డాబు దీనికి లేదు, నిజమే.

పేరు కుదిరినది గాని ముద్ర గీయుటకు మాకు చేయి రాలేదు. దేనిమీద వేయుదుము? వస్తువు పదిమంది వస్తువులవంటిదే యైనచో ముద్ర వట్టి అలంకారమగును. అందుచేత నెలదినములు బొమ్మ సంగతి విడిచి కారియరు సంగతి చూచితిమి.

ఇరువది లీటర్ల పాలు ఇంచుమించు ఇరువదియొకటి కిలోల బరువు. ప్రక్కకొక క్యాను చొప్పున రెండు క్యాన్లు, వాని ఇనుము బరువుతో కలిపి, వెనుక ఇరుసును దాటి వ్రేలాడినయెడల ముందుచక్రము తేలికయై హ్యాండిలు చేతిలో నిలువదు. సగము నిండిన క్యాను మరింత చెడ్డది. మలుపున పాలు ఒకవైపునకు పొర్లి బండిని తనతో లాగుకొనిపోవును. కావున కారియరును ముందునకు, నడుపువాని తొడవరకు జరిపి, ఎత్తు తగ్గించితిమి. బురద నిలువకుండ అడుగున పలకకు బదులు కమ్ములు పెట్టితిమి. మూలలయందు గొట్టమును కోసి అతుకుటకు మారుగా వంచుమంటిమి; అతుకక తప్పనిచోట త్రికోణపు పట్టీ వేయుమంటిమి. విరిగిన కారియరు ముక్కను తెప్పించి చూడగా, అది సరిగా అట్టి మూలయందే అతుకు ఊడియుండెను.

చట్టము మరియొక హద్దు చూపినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టువారు దీనిని గట్టిగ చెప్పిరి. అందుచేత ఛాసిస్‌ను కోయుట గాని దానిపై వెల్డింగు చేయుట గాని వలదనుకొంటిమి. కంపెనీవారు విడిచిన రంధ్రములకే బోల్టులతో బిగింపవలెను. విప్పినచో బండి పూర్వమువలె నుండవలెను. సైలెన్సరు తీసి మ్రోత పెంచుమని వచ్చు కుర్రవారిని త్రిప్పిపంపవలెను. ఇది ఆతనికి కష్టము తోచెను. ఆ పనిలో డబ్బు త్వరగా వచ్చునట. తుదకు ఒప్పుకొనెను.

అప్పుడు ముద్ర. ఊరిపేరులో పాములున్నవి గనుక పడగ విప్పిన పాము బొమ్మ కావలెనని ఆతని పట్టుదల. ఆతని తల్లి అది చూచి, "దీనిని చూచినవాడు తన బిడ్డను ఆ బండి ఎక్కించునా?" అని ఒక్క మాటతో తీర్పు చెప్పెను. మేము 'పా' అను అక్షరమును కుంచె ఎత్తకుండ ఒకే గీతగా వ్రాసితిమి. దగ్గర చూచినవానికి అక్షరము. దూరము చూచినవానికి, కావలెనన్నచో, పాము. చెన్నైలో బుల్లెట్టు ట్యాంకులపై బంగారు గీతలను చిరకాలము చేతి కుంచెతోనే గీయుచు వచ్చిరి. మన తెలుగు అక్షరములు గుండ్రనివి; కుంచెకు అవి స్వభావముచేతనే లొంగును. అయితే ఉక్కు పంచితో బొటనవ్రేలి గోరంత ముద్ర వేసి రంగు పూసినప్పుడు సందులు మూసికొనిపోయెను. మూడుమారులు వెడల్పు చేసిన పిమ్మట నిలిచినది. బురద పూసి, గోడకు ఆనించి, మా ఏడవ తరగతి పిల్లలచేత చదివించితిమి.

ముద్ర ప్రక్కను ప్రతి కారియరునకు ఒక అంకె యుండును. ఆ అంకె, కొన్నవాని పేరు, తేదీ ఒక పుస్తకములో వ్రాయబడును. అతుకు ఊడినచో ఉచితముగ బాగుచేయవలసినదే. కాదనుటకు ముద్ర ఒప్పదు. ఇతరుల పనిని తనది కాదని చూపుటకు కోరిన గుర్తు తన పనిని తనదేయని ఒప్పించునని ఆతడు ముందుగ తలపలేదు. పుస్తకమును చేతబట్టుకొని కొంతసేపు ఊరకుండెను. పిదప, పంచిని తనయొద్ద నుంచుకొనక తల్లికి ఇచ్చెను. ఆమె సాయంకాలము వచ్చి, అతుకులపై వ్రేలు నడపి చూచి, నచ్చినప్పుడు మాత్రమే పంచి పెట్టెలోనుండి తీయును.

ఇంతవరకు పదునాలుగు కారియర్లపై ముద్ర పడినది. రెండు పడకుండ కొట్టము మూలను ఉన్నవి. బయానా వెనుకకు తీసికొన్నవారిలో ఇద్దరు మరల వచ్చిరి. ట్రేడుమార్కు నమోదునకు చెన్నై కార్యాలయమునకు పంపవలసిన దరఖాస్తు మా బల్లపై నున్నది. నమోదైనచో పది సంవత్సరములు చెల్లును. రుసుము కట్టుట ముందా, గొలుసు విడిపించుట ముందా యని తల్లియు కుమారుడును ఇంకను వాదించుకొనుచున్నారు.